రామాయంపేట ఎండలో పాత ప్రాసెసర్

హైదరాబాద్ నుంచి కామారెడ్డి వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తే మెదక్ జిల్లాలో తగిలే రామాయంపేటకు చుట్టుపక్కల పల్లెల జనం రోజూ ఏదో ఒక కాగితం పని మీద వస్తుంటారు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, డిగ్రీ సీటు కోసం దోస్త్ దరఖాస్తు, ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు, ఇప్పుడు అన్నీ ఆన్‌లైన్‌లోనే. పైగా చదువులకు సంబంధించిన హడావుడంతా ఎండలు మండే నెలల్లోనే మొదలవుతుంది. ఇలాంటి ఊళ్ళలో ఆన్‌లైన్ సెంటర్లలో, జిరాక్స్ షాపుల్లో, ఇళ్ళలో పాత కంప్యూటర్లకు కొదవ ఉండదు: కోర్ 2 డ్యుయో, రెండో తరం ఐ3, లేదంటే పట్నంలో కంపెనీలు వాడి వదిలేసిన డెల్, హెచ్‌పీ మిషన్లు. మధ్యాహ్నం రెండు దాటితే వాటిలో కొన్ని నత్తనడక నడుస్తాయి, కొన్ని చెప్పాపెట్టకుండా ఆగిపోతాయి. అప్పుడు వినిపించే సలహా సాధారణంగా ఒకటే: కూలర్ పోయింది, కొత్తది వేయించండి. ఆ సలహా చాలా సందర్భాల్లో తప్పని నా అభిప్రాయం. కూలర్‌లో అసలు పని చేసేది లోహం. దానికి అరుగుదల లేదు. చెడేవి దాని చుట్టూ ఉన్న నాలుగు చిల్లర వస్తువులు: ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఎండిపోయిన పేస్టు, అరిగిన ఫ్యాను బేరింగు, విరిగిన ప్లాస్టిక్ పిన్నులు, రెక్కల మధ్య పేరుకున్న దుమ్ము. వీటిని సరిచేస్తే పదిహేనేళ్ళ నాటి కూలర్ కూడా కొత్తలో ఎంత వేడి లాగిందో ఇప్పుడూ అంతే లాగుతుంది.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే ఇక్కడ అందరూ కూలర్ సైజు చూసి మాట్లాడతారు తప్ప లెక్క వేయరు. ప్రాసెసర్ తీసుకున్న కరెంటు అంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. 65 వాట్ల ప్రాసెసర్ అంటే పూర్తి పనిలో ఉన్నప్పుడు దాదాపు 65 వాట్ల వేడిని వదిలేదని. కూలర్ శక్తిని కొలవడానికి ఒక్క సంఖ్య చాలు: ఒక్కో వాటు వేడికి ప్రాసెసర్ పైనున్న లోహపు మూత, ఫ్యానులోకి వచ్చే గాలి కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది? ఆ సంఖ్య సగం డిగ్రీ అయితే 65 వాట్లకు 32 డిగ్రీల చిల్లర పెరుగుదల వస్తుంది. గాలి 25 డిగ్రీలుంటే మూత 58 దగ్గర ఆగుతుంది. గాలి 45 అయితే 78కి చేరుతుంది. అంటే కూలర్ చేసేది చల్లబరచడం కాదు, వేడిని గాలిలోకి తోసేయడం. గాలే వేడిగా ఉంటే ఎంత ఖరీదైన కూలరైనా ఆ గాలి కంటే కిందికి ప్రాసెసర్‌ని దించలేదు. గదిలో పెరిగిన ప్రతి డిగ్రీ దాదాపు అలాగే ప్రాసెసర్ మీద కనిపిస్తుంది.

పెంటియం 4 రోజుల్లో ఇంటెల్ కంపెనీ కంప్యూటర్ డబ్బాలు తయారుచేసేవాళ్ళకు ఒక ప్రమాణం ఇచ్చింది. గది 35 డిగ్రీలు ఉన్నప్పుడు ప్రాసెసర్ ఫ్యానులోకి వెళ్ళే గాలి 38 దాటకూడదన్నది దాని సారం. మన దగ్గర చవక క్యాబినెట్ల పక్క తలుపుకు లోపలి వైపు గరాటులాంటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి కనిపించేది కదా, అది ఆ ప్రమాణం కోసం వచ్చిందే. బయటి గాలి సూటిగా ఫ్యాను మీదికి వచ్చేలా పెట్టారు. అడ్డంగా ఉందని చాలాచోట్ల పీకి పారేశారు. ఇప్పుడు రామాయంపేటలో మే నెల మధ్యాహ్నాన్ని తీసుకోండి. బయట 42 డిగ్రీలు. పైన రేకులో, ఎండకు కాగిన స్లాబో ఉన్న షట్టరు గదిలో అంతకంటే తక్కువేమీ ఉండదు. క్యాబినెట్ లోపల మరో మూడు డిగ్రీలు కలపండి, ఫ్యానుకు అందేది 45 డిగ్రీల గాలి. 2008లో వచ్చిన కోర్ 2 డ్యుయో ఈ8400ని చూస్తే, 65 వాట్లు, మూత దాటకూడని హద్దు 72.4 డిగ్రీలు. 38 డిగ్రీల గాలితో ఆ హద్దులో ఉండాలంటే కూలర్ సంఖ్య 0.53 ఉంటే సరిపోతుంది. 45 డిగ్రీల గాలితో ఉండాలంటే 0.42 కావాలి. కాబట్టి పాత కూలర్ సరిపోవడం లేదన్న ఫిర్యాదులో నిజం లేకపోలేదు. మన ఎండ ఆ ప్రమాణం రాసినవాళ్ళు ఊహించిన గదిని దాటిపోతుంది. కానీ దానికి మందు కొత్త కూలరే కానక్కర్లేదు.

పాత సామానులోనే ఒక మెట్టు పైది ఉంటుంది. ఇంటెల్ 2004లో తెచ్చిన ఎల్‌జీఏ 775 సాకెట్ మీద రకరకాల ప్రాసెసర్లు కూర్చున్నాయి. 2005 నాటి పెంటియం డీ 840 ఏకంగా 130 వాట్లు. కోర్ 2 క్వాడ్ క్యూ6600 తర్వాతి కూర్పు 95 వాట్లు, దాని మూత హద్దు 71 డిగ్రీలు. వీటికి కంపెనీ ఇచ్చిన కూలర్లు ఎత్తుగా, నడుమ రాగి దిమ్మెతో ఉండేవి. తర్వాత వాట్లు తగ్గాయి, కూలర్లూ పొట్టివయ్యాయి, చవక ప్రాసెసర్లకు రాగి కూడా పోయి మొత్తం అల్యూమినియమే మిగిలింది. సాకెట్ మాత్రం అదే, కన్నాలూ అవే. క్యూ6600ని 38 డిగ్రీల గాలితో 71లో ఉంచాలంటే దాని కూలర్ సంఖ్య 0.35 దగ్గర ఉండి తీరాలి. ఆ కూలర్‌నే ఈ8400 మీద పెడితే 65 వాట్లకు 23 డిగ్రీల పెరుగుదల. 45కి 23 కలిపితే 68, హద్దుకు నాలుగు డిగ్రీలు లోపలే. మదర్‌బోర్డు చచ్చిపోయి మూలన పడ్డ ఒక పాత మిషన్‌లోని కూలర్, నడుస్తున్న మిషన్‌కు మే నెలను దాటించగలదన్నమాట. పాత ప్రాసెసర్‌కు పాత కూలర్‌ని ఎంచుకోవడంలో నేను నమ్మే సూత్రం ఇదే: తన వాట్ల కంటే ఎక్కువ వాట్ల ప్రాసెసర్‌తో పుట్టిన కూలర్‌ని తెచ్చి బిగించండి. కింద మధ్యలో ఎర్రగా గుండ్రంగా రాగి కనిపిస్తే మేలు.

అయితే బిగింపు కుదరాలి. ఎల్‌జీఏ 775 బోర్డు మీద నాలుగు కన్నాలు 72 మిల్లీమీటర్ల చదరంలో ఉంటాయి. 1156, 1155, 1150, 1151, 1200 సాకెట్లన్నిటికీ 75 మిల్లీమీటర్లు. అంటే 2009 నుంచి 2020 దాకా వచ్చిన మామూలు ఇంటెల్ బోర్డుల కూలర్లు ఒకదానికొకటి పనికొస్తాయి, 775వి మాత్రం వాటికి పట్టవు. మూడు మిల్లీమీటర్లే కదా అని వంచి నొక్కితే పిన్ను విరుగుతుంది, లేదా ఒక మూల లేచి కూర్చుంటుంది. 2021లో వచ్చిన 1700 సాకెట్‌కు 78. ప్రాసెసర్లు చేసే మరో కంపెనీ ఏఎండీ దారి వేరు. ఏఎం2 నుంచి ఏఎం3 ప్లస్ దాకా సాకెట్‌కు రెండు వైపులా ప్లాస్టిక్ కొక్కేలుంటాయి, ఇనప పట్టీని వాటికి తగిలించి మీట తిప్పుతారు. ఏఎం4లో బోర్డు కన్నాలు మారినా ఆ ప్లాస్టిక్ కొక్కేలు అలాగే ఉంటే పాత పట్టీ కూలర్ సాధారణంగా ఎక్కేస్తుంది. ఏఎండీ వాళ్ళకు ఒక హెచ్చరిక. ఆ పాత ప్రాసెసర్లకు కింద సన్నని పిన్నులుంటాయి. పేస్టు ఎండిపోయి అతుక్కున్న కూలర్‌ని పైకి లాగితే, మీట వేసి ఉన్నా ప్రాసెసర్ కూడా ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగిపోతాయి. కంప్యూటర్‌ని కాసేపు నడిపి, వెచ్చబడ్డాక ఆపి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయాలి. ఇక డెల్, హెచ్‌పీ కంపెనీ మిషన్లలో హీట్‌సింక్, అంటే కూలర్‌లోని లోహపు దిమ్మె, స్క్రూలతో ఉంటుంది. కొన్ని డెల్ ఆప్టిప్లెక్స్ మోడళ్ళలో ఫ్యాను వైరుకు ఐదు పిన్నుల సాకెట్ ఉంటుంది. బయటి ఫ్యాను అందులో పట్టదు, ఎలాగో పెట్టినా ఆన్ చేసిన ప్రతిసారీ ఫ్యాను లోపమంటూ తెరమీద ఆగిపోతుంది. అలాంటివాటిలో అసలు కూలర్‌నే బాగుచేసుకోవడం తప్ప వేరే దారి వెతకడం దండగ.

బాగుచేయడం అంటే ఏమిటో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే అసలు తేడా అంతా అక్కడే. ఇంటెల్ కంపెనీ కూలర్‌లో ఫ్యాను గాలిని పైనుంచి కిందికి, రెక్కల మీదికి ఊదుతుంది. వడ్ల నూగు, పత్తి నూగు, హైవే దుమ్ము అన్నీ ఆ గాలితో వచ్చి ఫ్యానుకూ రెక్కలకూ మధ్య చాపలా పరుచుకుంటాయి. పైనుంచి చూస్తే ఫ్యాను శుభ్రంగానే తిరుగుతుంటుంది, తలుపు తీసి బ్లోయరు కొట్టినా ఆ పొర కదలదు. ఫ్యానుని పట్టి ఉంచిన నాలుగు కొక్కేలు విప్పి పక్కకు తీస్తేనే కనిపిస్తుంది. చేత్తో పట్టుకుంటే బూడిద రంగు గుడ్డ ముక్కలా మొత్తం ఒకేసారి లేచి వస్తుంది. గాలి రెక్కల్లోకి దిగకపోతే ఆ రెక్కలు ఉన్నా లేనట్టే. బ్లోయరు కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టుకోవాలి, లేకపోతే ఇష్టమొచ్చిన వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది. తర్వాత కూలర్‌ని బోర్డుకు బిగించే నాలుగు ప్లాస్టిక్ పిన్నులు. ఒక్కో నల్ల టోపీ మీద బాణం గుర్తు ఉంటుంది, అది ఊడదీసే వైపు. బిగించే ముందు నాలుగిటినీ బాణానికి ఎదురు దిశలో తిప్పి ఉంచాలి. ఎదురెదురు మూలల్ని జతలుగా, టక్కుమని చప్పుడు వచ్చేదాకా నొక్కాలి. ఇక్కడితో ఆగకూడదు. బోర్డుని తిరగేసి చూస్తే ప్రతి కన్నంలోంచీ తెల్లటి కాళ్ళు పూర్తిగా బయటికి వచ్చి, మధ్యలో నల్ల ముల్లు దిగి విచ్చుకుని ఉండాలి. ఒక్కటి విచ్చుకోకపోయినా ఆ మూల సన్నని సందు ఏర్పడుతుంది. ప్రాసెసర్ వేడెక్కడానికి ఆ సందు చాలు.

ఎంత సందు? పేస్టు గురించిన వాదన తేలేది కూడా ఈ ప్రశ్నతోనే. ప్రాసెసర్ మూత, హీట్‌సింక్ అడుగు రెండూ నున్నగా కనిపించినా వాటి మధ్య కొన్ని పదుల మైక్రాన్ల ఎగుడుదిగుడులుంటాయి. 50 మైక్రాన్లనుకుందాం, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. మూత వైశాల్యం సుమారు తొమ్మిది చదరపు సెంటీమీటర్లు. రాగి ఉష్ణవాహకత 400 అనుకుంటే గాలిది 0.026 మాత్రమే. ఆ సందు నిండా గాలే ఉంటే ఒక్కో వాటుకు రెండు డిగ్రీలకు పైగా పెరుగుతుంది. 65 వాట్లకు 130 డిగ్రీలు దాటాలి, అంతకు ముందే మిషన్ ఆగిపోతుంది. టీవీ మెకానిక్కులు ట్రాన్సిస్టర్లకు రాసే తెల్లటి చవక పేస్టు వాహకత ఒకటి దగ్గర. దాంతో పెరుగుదల మూడున్నర డిగ్రీలకు దిగుతుంది. ఎనిమిది వాహకత ఉందని డబ్బా మీద రాసిన ఖరీదైన పేస్టుతో అర డిగ్రీ. వేడి మూత మొత్తం సమానంగా పరుచుకోదు కాబట్టి నిజంలో తేడా మరికాస్త ఎక్కువే ఉంటుంది, కానీ లెక్క పోకడ మారదు. గాలి పోయి ఏదో ఒక పేస్టు రావడంలో వంద డిగ్రీల లాభం, చవక పేస్టు పోయి మంచి పేస్టు రావడంలో మూడు నాలుగు డిగ్రీల లాభం. పాతికేళ్ళు గడిచినా పేస్టు మార్చనక్కర్లేదన్న మాట నమ్మకండి. అందులోని నూనె ఏళ్ళ తరబడి వేడికి ఇంకిపోయి పొడి మిగులుతుంది, పొడిలో మళ్ళీ గాలి చేరుతుంది. మొబైల్ రిపేరు షాపుల్లో ఐపీఏ అని అడిగితే దొరికే ఆల్కహాల్‌తో రెండు వైపులా తుడిచి, మధ్యలో పెసర గింజ కంటే కాస్త పెద్ద చుక్క పెట్టి హీట్‌సింక్‌ని నిటారుగా దించితే చాలు. ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. వేలితో మందంగా పూస్తే సందు తగ్గకపోగా పెరుగుతుంది.

దీనికి మొదటి అభ్యంతరం: ఇంత తంటా ఎందుకు, పెద్ద టవర్ కూలర్ కొని పడేస్తే పోదా? దాని శక్తిని నేను కాదనను. వేడి గొట్టాలు, 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ 65 వాట్లను తేలిగ్గా మోస్తుంది. కానీ రెండు చిక్కులున్నాయి. బాగా అమ్ముడైన కూలర్ మాస్టర్ హైపర్ 212 ఈవో ఎత్తు 159 మిల్లీమీటర్లు. మన పాత ఇరుకు క్యాబినెట్లలో చాలావాటికి అది పెడితే తలుపు మూతపడదు. తలుపు తీసి వాడితే బల్లులు, దుమ్ము. రెండో చిక్కు ఇంకా ముఖ్యం, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. జీ41, హెచ్61 లాంటి చవక బోర్డుల మీద ప్రాసెసర్‌కు కరెంటు సరిచేసి ఇచ్చే చిన్న ట్రాన్సిస్టర్లు సాకెట్ పక్కనే ఉంటాయి, చాలా బోర్డుల్లో వాటికి హీట్‌సింకే ఉండదు. కంపెనీ కూలర్ కిందికి ఊదే గాలి రెక్కల్లోంచి నలువైపులా చిమ్మి వాటినీ తాకుతుంది. టవర్ ఫ్యాను గాలిని అడ్డంగా వెనక్కి తోస్తుంది, బోర్డు మీదికి రానివ్వదు. ప్రాసెసర్ చల్లగా ఉండి, దానికి కరెంటు ఇచ్చే భాగం కాగిపోతుంటే బోర్డు ఆయుష్షు తగ్గుతుంది. పదేళ్ళు దాటిన బోర్డు పోతే దొరకడం కష్టం. అందుకే పాత చవక బోర్డుకు కిందికి ఊదే కూలరే తగినదని నేనంటాను.

రెండో అభ్యంతరం, కొత్త చవక కూలర్ కొన్ని వందలకే వస్తుంది కదా అన్నది. వస్తుంది, కొనకూడదనీ కాదు. కాకపోతే అందులో చాలావరకు పూర్తి అల్యూమినియం రెక్కలూ రంగు దీపాలే. వాట్ల సంఖ్య డబ్బా మీద ఎంత పెద్దదైనా, ఏ గాలి ఉష్ణోగ్రతకు కొలిచారో రాయరు. పాత రాగి కూలర్‌కు ఫ్యాను ఒక్కటే పోయి ఉంటే ఫ్యాను మార్చడం అంతకంటే చవక. నాలుగు పిన్నుల ఫ్యాను అయితే బోర్డు దాని వేగాన్ని పని బట్టి తగ్గించీ పెంచీ నడుపుతుంది. మూడు పిన్నులదీ ఆ సాకెట్‌లో పడుతుంది, కొన్ని బోర్డుల మీద ఎప్పుడూ పూర్తి వేగంతో మోగుతుంది, అంతే. విరిగిన ప్లాస్టిక్ పిన్నులు కూడా విడిగా అమ్ముతారు.

కూలర్ జోలికే పోకుండా వేడి తగ్గించే మార్గాలు రెండున్నాయి, పైసా ఖర్చు లేనివి. ఒకటి, కంప్యూటర్ టేబుల్ కింద తలుపులున్న అరలోంచి డబ్బాని బయటికి తీయడం. ఆ అరలో తన వేడినే తాను మళ్ళీ మళ్ళీ పీల్చుకుంటుంది. రెండోది ఐ5 లాంటి టర్బో ఉన్న ప్రాసెసర్లకు. ప్రాసెసర్ ఖర్చు చేసే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. టర్బో వేగానికి వోల్టేజీ కూడా పెంచాలి కాబట్టి ఆ చివరి కాస్త వేగానికి మోయలేనంత వేడి వస్తుంది. విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 99 శాతం చేస్తే టర్బో ఆగిపోతుంది. ఐ5-2400 అయితే 3.4 గిగాహెర్ట్జ్ దాకా ఎగబాకడం మాని 3.1 దగ్గర నిలుస్తుంది. దరఖాస్తులు నింపే పనిలో ఆ తేడా తెలియదు. వేసవి పోయాక మళ్ళీ 100 చేసుకోవచ్చు. ఏం చేసినా ముందూ వెనకా కొలవాలి. కోర్ టెంప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చూపేది మూత ఉష్ణోగ్రత కాదు, లోపలి కోర్ల ఉష్ణోగ్రత. వాటి హద్దు చాలా ఇంటెల్ ప్రాసెసర్లకు 100 డిగ్రీల చుట్టుపక్కల. దానికి చేరగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. వైరస్ అనో ర్యామ్ తక్కువనో అనుకునే నత్తనడక కొన్నిసార్లు ఇదే.

ఇక అన్నిటికంటే పెద్ద అభ్యంతరం: ఇంత పాత మిషన్ మీద ఇంత శ్రద్ధ ఎందుకు? 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే అధికారికంగా పడుతుంది. వేలిముద్ర పరికరాల డ్రైవర్లు విండోస్‌కే ఉన్న సెంటర్‌కు, జనం డబ్బు చేతులు మారే మిషన్‌కు ఇది బలమైన వాదనే, అక్కడ కొత్తది కొనడమే మేలు. కానీ చదువుకునే పిల్లలున్న ఇంటికి, టైపింగు, ప్రింట్లు చేసే షాపుకు లినక్స్ చక్కగా సరిపోతుంది. తెలుగులో దాన్ని అందించడానికి హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ ఏళ్ళుగా పనిచేస్తోంది. బాక్సైట్ నుంచి తీసిన అల్యూమినియం కిలో తయారుకావడానికి సుమారు 14 యూనిట్ల కరెంటు కావాలి. మూలన పడ్డ కూలర్‌లో ఆ కరెంటు అప్పటికే ఖర్చయి ఉంది. దాన్ని తుక్కులో కరిగించడం కంటే తుడిచి బిగించడం ఎప్పుడూ లాభమే.

నిజంగా కొనాల్సిన సందర్భాలూ ఉన్నాయి. కూలర్ లేకుండా విడిగా దొరికిన ప్రాసెసర్‌కు, ఎఫ్ఎక్స్-8350 లాంటి 125 వాట్ల ఏఎండీకి తగిన పాత కూలర్ దొరకనప్పుడు కొనక తప్పదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళే ముందు మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి: సాకెట్ పేరు, ప్రాసెసర్ వాట్లు, బోర్డు నుంచి క్యాబినెట్ తలుపు దాకా మిల్లీమీటర్లలో ఎత్తు. షాపులో సెకండ్ హ్యాండ్ చూపిస్తే తిరగేసి రాగి ఉందో లేదో, నాలుగు పిన్నుల తెల్ల కాళ్ళూ చీలకుండా ఉన్నాయో లేదో చూడండి. ఫ్యానుని వేలితో ఒకసారి తిప్పితే నిదానంగా ఆగాలి, గీసుకున్నట్టు టక్కున ఆగితే బేరింగు అయిపోయినట్టే. బిగించిన మిషన్‌ని బస్సులో తెచ్చుకుంటే నిలబెట్టకుండా మదర్‌బోర్డు అడ్డంగా, కూలర్ పైకి ఉండేలా పడుకోబెట్టి తీసుకురండి. నిలబెట్టి తెస్తే దారి పొడవునా కుదుపులకు హీట్‌సింక్ బరువు పై రెండు పిన్నుల మీదే వేలాడుతుంది.